పాత కంప్యూటర్లో ఆడియో సీడీ తిరుగుతోంది కాని శబ్దం రావడం లేదు

ప్రశ్న: అంబాజీపేట శ్రోత

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అంబాజీపేటకు దగ్గరలోని ఒక పల్లె. మా నాన్నగారు ఈ చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్లలోను, దసరా ఉత్సవాలలోను చాలా ఏళ్లు హరికథలు చెప్పారు. గోదావరి లంకలో ఉండే మా బంధువులొకరు ఆ కథలను క్యాసెట్లలో పట్టి ఉంచగా, 2004లో వాటిని రాజమండ్రిలో ఒక దుకాణంలో ఇచ్చి ఏడు ఆడియో సీడీలుగా చేయించుకున్నాము. ఆ తరువాత 2006 వరదలో వారి ఇంట్లోకి నీరు వచ్చి క్యాసెట్లన్నీ పాడైపోయాయి. ఇప్పుడు నాన్నగారి గొంతు మిగిలి ఉన్నది ఈ ఏడు సీడీలలోనే.

ఈ సీడీలను నేను వినేది ఇంట్లో ఉన్న పాత పెంటియం 4 కంప్యూటర్లో. అందులో విండోస్ ఎక్స్‌పీ ఉంది. సీడీ డ్రైవు కంప్యూటరు కొన్ననాటిదే. వెనుక వెడల్పాటి బూడిదరంగు కేబులు ఉండే పాత రకం. పోయిన నెల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కాలిపోతే పట్టణంలో ఒక రిపేరు దుకాణానికి పంపించి మార్పించాను. తిరిగి వచ్చినది మొదలు ఈ తిప్పలు. సీడీ పెడితే ట్రే లోపలికి వెళుతుంది, సీడీ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, తెరమీద నిమిషాలు, సెకన్లు సక్రమంగా నడుస్తాయి, కాని స్పీకర్లలో నిశ్శబ్దం. అదే స్పీకర్లలో ఎంపీత్రీ పాటలు చక్కగా వినబడుతున్నాయి. ఎంపీత్రీలు నింపిన సీడీ పెట్టినా బాగానే పాడుతోంది. అందుచేత డ్రైవుకు గాని, స్పీకర్లకు గాని లోపం ఉన్నదనుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

పోనీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి పిల్లల ఫోనులో విందామని సీడీలో కనబడిన ఫైళ్లన్నిటినీ కాపీ చేశాను. డెబ్బై నిమిషాల కథ రెండు క్షణాల్లో కాపీ అయిపోతే సంతోషించాను గాని, తీరా చూస్తే ఒక్కొక్క ఫైలు 44 బైట్లే ఉంది, ఏ ఫోనులోను తెరుచుకోవడం లేదు.

మరొక్క సంగతి. ఏడింటిలో ఐదో సీడీ రిపేరుకు ముందునుంచే చివరలో తడబడేది. దీనికీ ఇప్పటి ఇబ్బందికీ సంబంధం ఉన్నదో లేదో తెలియదు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: తణుకు కుర్రవాడు

నమస్తే అండీ. గడియారం పక్కనున్న స్పీకరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే వచ్చే కిటికీలో 'సీడీ ఆడియో' అనే పట్టీ వేరుగా ఉంటుంది. దాని కింద 'మ్యూట్' దగ్గర టిక్కు పడి ఉందేమో మొదట చూడండి. ఐదో సీడీకి టూత్‌పేస్టు కొద్దిగా రాసి మెత్తని గుడ్డతో రుద్దితే గీతలు పోతాయి. మా ఇంట్లో ఆటల సీడీలకు అలాగే చేశాము. ఇవేవీ కుదరకపోతే యూఎస్‌బీకి తగిలించే బయటి డ్రైవు ఒకటి కొనుక్కోవడం మేలు.

జవాబు 2: పాలకొల్లు రేడియో మెకానిక్

అంబాజీపేట వారికి నమస్కారం. ముందుగా ఒక విన్నపం: ఐదో సీడీకి దయచేసి టూత్‌పేస్టు రాయవద్దు. తమ్ముడు చెప్పిన చిట్కా కొన్న సీడీల మీద పైపై గీతలకు పనిచేయవచ్చు, కాని మీవి దుకాణంలో రాసిన సీడీలు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. దాదాపు ఆ మందమంతా మెరిసే వైపునున్న ప్లాస్టిక్కే. సమాచారం ఉండే పొర పేరు రాసుకునే వైపున, పలుచని లక్క కింద ఉంటుంది. మెరిసే వైపు గీత పడితే దానిని పాలిష్ చేయవచ్చు. పై వైపు పొర లేచిపోతే ఏ పేస్టూ అతికించలేదు. సీడీని పేరున్న వైపు మీకు కనబడేలా పట్టుకుని, వెనుక నుంచి ట్యూబులైటు వెలుతురు పడనిచ్చి చూడండి. సూదితో పొడిచినట్లు చుక్కలు చుక్కలుగా వెలుతురు కనబడితే ఆ చోట పొర పోయిందని అర్థం. ఆ చుక్కలు ఎక్కడున్నాయో కూడా గమనించండి, ఎందుకంటే సీడీ గ్రామఫోను రికార్డులా అంచునుంచి లోపలికి కాక మధ్యనుంచి బయటికి చదవబడుతుంది. చివరి భాగం తడబడుతున్నదంటే నా అనుమానం బయటి అంచు మీదనే.

ఇక శబ్దం రాకపోవడం సంగతి. ఎంపీత్రీ సీడీ పాడుతోంది కనుక డ్రైవు మంచిదేనన్న మీ ఆలోచన సగం నిజం. ఎంపీత్రీ అనేది ఒక ఫైలు. అది మీరు చెప్పిన వెడల్పాటి కేబులు గుండా కంప్యూటరులోకి వచ్చి, అక్కడ పాటగా మారుతుంది. ఆడియో సీడీలో అసలు ఫైళ్లే ఉండవు. సెకనుకు 44,100 సార్లు కొలిచిన ధ్వని మధ్యనుంచి చివరిదాకా ఒకే దారంలా చుట్టి ఉంటుంది. మీరు కాపీ చేసిన 44 బైట్ల ఫైళ్లు పాటలు కావు. ఫలానా పాట ఫలానా చోట మొదలవుతుందని చెప్పే చీటీలు మాత్రమే. చీటీ పట్టుకెళ్లినంత మాత్రాన సరుకు రాదు కదా.

ఆ దారం స్పీకరు దాకా చేరడానికి పాత కంప్యూటర్లలో రెండు దారులున్నాయి. ఒకటి ఆ వెడల్పాటి కేబులు గుండా అంకెలుగా రావడం. రెండోది పాతది: డ్రైవు తనలో తానే అంకెలను ధ్వనిగా మార్చి, తన వెనుకనున్న నాలుగు పిన్నుల నుంచి ఒక సన్నని తీగ ద్వారా నేరుగా సౌండు కార్డుకు పంపడం. ఆ తీగ మన ఇయర్‌ఫోను తీగకంటే పెద్ద మందం ఉండదు. దానిలో కుడి, ఎడమ ధ్వనులకు రెండు, వాటి మధ్య గ్రౌండుకు రెండు పోగులుంటాయి. ఎస్‌ఎంపీఎస్ మార్చేవాడు లోపలి తీగలు కొన్ని విప్పక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు ఇది ఎందుకో తెలియక పక్కన పడేసి ఉంటాడని నాకు గట్టి అనుమానం. కంప్యూటరు అది లేకపోయినా లేస్తుంది, డ్రైవు తిరుగుతుంది, సెకన్లు నడుస్తాయి. శబ్దం ఒక్కటే రాదు. మీరు చెప్పిన లక్షణాలు అచ్చంగా ఇవే.

మూత తీయకముందే తేల్చుకునే ఉపాయం ఒకటి ఉంది. మీ డ్రైవు ముందు భాగంలో హెడ్‌ఫోను పెట్టుకునే రంధ్రం, దాని పక్కన శబ్దం పెంచే చిన్న చక్రం ఉన్నాయేమో చూడండి. సీడీ నడుస్తుండగా అందులో హెడ్‌ఫోను పెట్టండి. అక్కడ కథ వినిపిస్తే డ్రైవు, లెన్సు, సీడీ మూడూ నిర్దోషులు. తప్పు అక్కడినుంచి స్పీకరు దాకా ఉన్న దారిలోనే ఉంది. అక్కడా నిశ్శబ్దమే అయితే మళ్లీ రాయండి, వేరుగా ఆలోచిద్దాము.

తీగ దొరికేలోపు వినాలంటే మొదటి దారి తెరవవచ్చు. మై కంప్యూటరు మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్ దాకా వెళ్లి, సీడీ డ్రైవు ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ 'ఎనేబుల్ డిజిటల్ సీడీ ఆడియో' అన్న మాట పక్కన టిక్కు ఉండాలి. విండోస్ మీడియా ప్లేయర్‌లో వింటున్నట్లయితే దాని ఆప్షన్లలో డివైసెస్ కింద కూడా ఆ డ్రైవుకు 'డిజిటల్' అని ఎంచుకోవాలి. ఎక్స్‌పీలో సాధారణంగా ఆ టిక్కు ఉండనే ఉంటుంది. మీ దాంట్లో లేకపోతే ఎవరో కావాలనే తీసి ఉండాలి.

అంబాజీపేట శ్రోత:

మెకానిక్ గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. తణుకు బాబు చెప్పినట్లు ముందు మ్యూట్ చూశాను, టిక్కు లేదు. తరువాత డ్రైవు ముందున్న రంధ్రంలో మనుమడి ఇయర్‌ఫోను పెట్టి ఒకటో సీడీ నడిపితే చిడతల చప్పుడుతో సహా నాన్నగారి గొంతు వినిపించింది. రిపేరు దుకాణానికి ఫోను చేస్తే, 'ఆ సన్నతీగ పాతకాలంది, ఇప్పుడు దాని అవసరం లేదని తీసేశామండీ' అన్నారు. ఇంకా పారవేయలేదట, రేపు మా మేనల్లుడు వెళ్లి తెస్తాడు.

డివైస్ మేనేజర్‌లో ఆ టిక్కు నిజంగానే లేదు. పెట్టి చూశాను. శబ్దం వచ్చింది గాని వినేటట్లు లేదు. ప్రతి రెండు మూడు సెకన్లకు మాట తెగిపోతోంది, నత్తివాడు చదివినట్లుంది. సీడీ నడుస్తున్నంతసేపు మౌసు బాణం కూడా ఆగి ఆగి కదులుతోంది. ఐదో సీడీ ఒక్కటే కాదు, ఏడూ అలాగే ఉన్నాయి. అప్పుడు జ్ఞాపకం వచ్చింది: కొన్నేళ్ల క్రితం సరిగ్గా ఇలాగే నత్తి వస్తుంటే ఒక కుర్రవాడు వచ్చి ఏదో సెట్టింగు మార్చి బాగు చేశాడు. ఆ టిక్కు తీసినది అతనే కావచ్చు. అంతకుముందు కొన్ని రోజులపాటు నేను ఐదో సీడీ చివరి భాగం వినాలని పదే పదే పెట్టి, తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను.

సీడీని వెలుతురుకు పట్టి చూశాను. మీరు చెప్పినట్లే బయటి అంచున బియ్యపుగింజంత వెడల్పున చుక్కలు వరుసగా ఉన్నాయి. మా ఇంటి వెనుక కొబ్బరిపీచు ఆడించే షెడ్డు ఉంది. సీడీల పెట్టె చాలాకాలం అటక మీద ఉండటం వలన పీచుదుమ్ము, వానాకాలపు చెమ్మ రెండూ తగిలాయి.

జవాబు 3: కాకినాడ పాతయంత్రాలు

మీరు చివరలో రాసిన జ్ఞాపకం చాలా విలువైనది. మీ కంప్యూటరులో ఉన్న లోపాలు మూడు కావు. ఒకే లోపం మూడు వేషాలు వేసింది.

మౌసు కూడా ఆగి ఆగి కదలడం పీఐఓ మోడుకు గుర్తు. మామూలుగా డ్రైవునుంచి సమాచారం డీఎంఏ పద్ధతిలో, అంటే ప్రాసెసరు ప్రతి ముక్కనూ చేత్తో అందుకోనక్కరలేకుండా, నేరుగా మెమరీలోకి వస్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయాలి. ఆడియో సీడీకి సెకనుకు కావలసింది 1,76,400 బైట్లే కనుక మోయలేక కాదు. మోస్తున్నంతసేపు వేరే పనికి చెయ్యి ఖాళీ ఉండదు, అందుకే మాట తెగుతుంది, బాణం ఆగుతుంది.

డీఎంఏ నుంచి పీఐఓకు అది ఎందుకు దిగజారిందంటే, ఎక్స్‌పీకి ఒక అలవాటు ఉంది. డ్రైవు అడిగిన దానికి సకాలంలో జవాబు ఇవ్వకపోతే దానిని ఒక తప్పుగా లెక్క వేసుకుంటుంది. అలా ఆరు తప్పులు పోగుపడేసరికి ఆ కేబులు నమ్మదగినది కాదని నిర్ణయించి వేగం ఒక మెట్టు దించుతుంది, తప్పులు పెరిగితే మళ్లీ దించుతుంది, చివరికి పీఐఓ దగ్గర ఆపుతుంది. తప్పు కేబులుదా, చెడిపోయిన సీడీదా అన్న తేడా దానికి తెలియదు. ఒకసారి దించాక తనంతట తాను తిరిగి పైకి ఎక్కించదు కూడా. మీరు ఐదో సీడీ చివరను పదే పదే నడిపించినప్పుడు ఆ తప్పులు పోగుపడ్డాయి. దానితో ఏడు సీడీలకూ నత్తి పట్టుకుంది. వచ్చిన కుర్రవాడు అసలు కారణం వెతకకుండా డిజిటల్ దారి మూసి సన్నతీగ దారిన పంపాడు. ఆ దారికి పీఐఓతో పని లేదు కనుక బాగుపడినట్లు కనిపించింది. అతనిని నేను తప్పు పట్టను, ఆనాటికి అది పనికొచ్చిన ఉపాయమే. కాని ఇన్నేళ్లూ మీ కంప్యూటరు ఆ ఒక్క తీగ మీదనే కథలు వినిపిస్తూ వచ్చింది. రిపేరు దుకాణం వారు ఆ తీగనే తీసేశారు.

చేయవలసినది ఇది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ (ఆ వెడల్పాటి కేబులు తగిలించే ఏర్పాటు) కంట్రోలర్ల కింద సీడీ డ్రైవు ఉన్న ఛానలు తెరవండి. మామూలుగా అది 'సెకండరీ ఐడీఈ ఛానల్' అయి ఉంటుంది. అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్' ఎదురుగా పీఐఓ అని ఉంటే నేను చెప్పినది నిజమన్నమాట. అప్పుడు ఆ సెకండరీ ఛానలును అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరును రీస్టార్ట్ చేయండి. విండోస్ దానిని కొత్తగా గుర్తించి లెక్క సున్నానుంచి మొదలుపెడుతుంది. ఒక్కొక్కసారి రెండోసారి కూడా రీస్టార్ట్ అడుగుతుంది. హార్డుడిస్కు ఉన్న ప్రైమరీ ఛానలు జోలికి మాత్రం వెళ్లకండి.

ఆ తరువాత ఐదో సీడీని వెంటనే పెట్టవద్దు. పెడితే మళ్లీ మొదటికొస్తుంది. మంచివి ఆరింటినీ ముందు కంప్యూటరులోకి ఎక్కించుకోండి. అందుకు 'ఎగ్జాక్ట్ ఆడియో కాపీ' అనే ఉచిత ప్రోగ్రాము బాగుంటుంది. అనుమానం వచ్చిన చోట మళ్లీ మళ్లీ చదివి సరిచూసుకుంటుంది. నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు పడుతుంది కనుక డెబ్బై నిమిషాల సీడీకి 740 మెగాబైట్ల వరకు చోటు కావాలి. ఫ్లాక్ అనే ఫైలు రకంగా మార్చుకుంటే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా చోటు బాగా కలిసి వస్తుంది. ఎంపీత్రీ తరువాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, అసలు ప్రతి మాత్రం తగ్గించనిదే దాచుకోండి.

అంబాజీపేట శ్రోత:

తీగ లాగితే డొంకంతా కదిలిందంటే ఇదే కాబోలు. మోడు దగ్గర పీఐఓ అనే ఉంది. ఛానలు తీసివేసి రెండుసార్లు రీస్టార్ట్ చేశాక 'అల్ట్రా డీఎంఏ మోడ్ 2' అని వచ్చింది, నత్తి పూర్తిగా పోయింది. రెండు రాత్రులు కూర్చుని ఆరు సీడీలనూ ఎక్కించాము. నాలుగో దాంట్లో ఒక చోట మాత్రం ప్రోగ్రాము చాలాసేపు గింజుకుని ముందుకు సాగింది, విని చూస్తే తేడా తెలియలేదు.

మిగిలినది ఐదోది. అందులో కథ ముగింపు, మంగళం ఉన్నాయి. సన్నతీగ కూడా చేతికి వచ్చింది. దానిని తిరిగి పెట్టడంలో ఇక ప్రయోజనం ఉన్నదంటారా?

పాలకొల్లు రేడియో మెకానిక్:

తప్పకుండా ఉంది, ఐదో సీడీ కోసమే ఉంది.

కాకినాడ వారు చెప్పిన ప్రోగ్రాము కచ్చితంగా చదవాలని పట్టుబడుతుంది. చుక్కలున్న చోట అది గంటల తరబడి కొట్టుకుని, చివరికి చేతులెత్తేసే ప్రమాదం ఉంది. డ్రైవు తనంతట తాను పాడేటప్పుడు అలా కాదు. మామూలు వేగంతో నడుస్తూ, చిన్న చిన్న లోపాలను సీడీలోనే అదనంగా రాసి ఉన్న అంకెలతో సరిచేసుకుంటుంది. సరిచేయలేనంత లోపం వచ్చినప్పుడు దాని ముందు వెనుకలనున్న ధ్వనిని బట్టి మధ్య ఖాళీని పూడ్చుకుంటూ పోతుంది. సీడీ రూపకల్పనలోనే ఆ ఏర్పాటు ఉంది. వరుసగా రెండున్నర మిల్లీమీటర్ల దాకా దెబ్బతిన్నా పూర్తిగా సరిచేయగల శక్తి దానికి ఉంది. ఆ ధ్వని సన్నతీగ గుండా వస్తుంది కనుక కంప్యూటరు తప్పులు లెక్కపెట్టే అవకాశం తక్కువ. తణుకు తమ్ముడు చెప్పిన యూఎస్‌బీ డ్రైవులు మంచివే గాని, వాటికి ఈ రెండో దారి ఉండదు.

కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసి, ఇనుప క్యాబినెట్టును ఒకసారి చేత్తో తాకి, అప్పుడు తీగ ఒక కొసను డ్రైవు వెనుక ఆడియో అని రాసి ఉన్న పిన్నులకు, రెండో కొసను మదర్‌బోర్డు మీద 'సీడీ ఇన్' అని ఉన్న చోట గుచ్చండి. కొసకు ఒక వైపు గాడి ఉంటుంది, తిరగేసి దూరదు, బలవంతం చేయకండి. డిజిటల్ టిక్కు తీసేయండి. వాల్యూము కిటికీలో రికార్డింగు వైపుకు వెళ్లి 'సీడీ ఆడియో' ఎంచుకుని, ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాములో రికార్డు మొదలుపెట్టి, తరువాత సీడీ నడపండి. ఎక్స్‌పీతో వచ్చే సౌండ్ రికార్డరు అరవై సెకన్లకే ఆగిపోతుంది కనుక దానిని నమ్ముకోవద్దు.

సీడీని పెట్టేముందు తడిపి పిండిన మెత్తని నూలుగుడ్డతో మెరిసే వైపును మధ్యనుంచి అంచుకు తిన్నగా ఒక్కసారి తుడిచి ఆరనివ్వండి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. ఆ వైపున పడిన గీత పాట నడిచే దారి వెంబడే పోయి ఎక్కువ చోటు పాడుచేస్తుంది. పేరున్న వైపును అసలు ముట్టుకోకండి, అక్కడ పొర ఇప్పటికే లేచి ఉంది.

అంబాజీపేట శ్రోత:

మేనల్లుడు తీగ బిగించాడు. ఐదో సీడీ మొదటినుంచి చివరిదాకా ఒకే విడతలో రికార్డయింది. చివరి పన్నెండు నిమిషాలలో అక్కడక్కడ పెనం మీద నీటిచుక్క పడ్డట్టు చిటపటలున్నాయి, మంగళంలో ఒక చరణం సగంలో మింగేసినట్లయింది. అది తప్ప కథ మొత్తం దక్కింది. నాన్నగారు ముగింపులో ఊరి పెద్దలందరినీ ఇంటిపేర్లతో పిలిచి దీవించే అలవాటు ఉండేది. ఆ పేర్లన్నీ స్పష్టంగా ఉన్నాయి.

ఇప్పుడు రెండు పెన్‌డ్రైవుల్లో, మా అమ్మాయి కంప్యూటరులో ప్రతులున్నాయి. మీ ముగ్గురికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

జవాబు 3: కాకినాడ పాతయంత్రాలు

చాలా సంతోషం. సీడీలను మాత్రం అటక మీదికి మళ్లీ పంపకండి. ఎండ తగలని బీరువాలో, పెట్టెలో నిలువుగా పెట్టండి. అలాగే డిజిటల్ టిక్కు తిరిగి పెట్టేముందు ఒకసారి ఆ సెకండరీ ఛానలు మోడు చూసుకోండి.